ఒక్క పెట్టెకే కట్టుబడ్డ ఆటలు

2023 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో సాక్ష్యం చెబుతూ మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల ఒక మాటన్నారు. తన చేతిలో ఉంటే కన్సోళ్లలో ఎక్స్‌క్లూజివ్ గేములనే పద్ధతినే ఎత్తేసేవాడినని. యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు కొనకుండా ఆపమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసు అది. కొనుగోలు పూర్తయితే 'కాల్ ఆఫ్ డ్యూటీ' లాంటి గేములు ఎక్స్‌బాక్స్ దాటి బయటికి రావేమోనని ప్రభుత్వ భయం. మార్కెట్‌లో పైచేయి ఉన్నవాళ్లు ఎక్స్‌క్లూజివ్‌లతోనే పోటీ నడుపుతున్నారు కాబట్టి తమకూ తప్పడం లేదని, అలాంటి లోకం మీద తనకేమీ ప్రేమ లేదని ఈ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థి చెప్పారు.

వినగానే సబబే అనిపిస్తుంది. నచ్చిన సినిమా చూడాలంటే ఫలానా కంపెనీ టీవీయే కొనాలని ఎవరన్నా అంటే ఊరుకుంటామా? గేముల విషయంలో మాత్రం నలభై ఏళ్లకు పైగా ఊరుకున్నాం. అయితే గేములంటే ప్రాణం పెట్టేవాళ్లను మీకు బాగా ఇష్టమైనవేవో చెప్పమని అడిగి చూడండి. 'మారియో', 'జెల్డా', 'హేలో', 'ఐకో', 'బ్లడ్‌బోర్న్'... సగానికి సగం ఏదో ఒక్క కన్సోల్ కోసం పుట్టినవే ఉంటాయి. ఆ పద్ధతి అన్యాయమైతే మరి ఇంత మంచి ఆటలు అందులోంచే ఎలా వచ్చాయి?

నా లెక్క ప్రకారం ఎక్స్‌క్లూజివ్ అన్న ఒక్క ముద్ర కింద రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. కొన్ని గేముల్ని ఆ యంత్రమే పట్టి ఉంచుతుంది. ఆ బటన్లు, ఆ తెర, ఆ చిప్పు లేకపోతే ఆ ఆటే లేదు. కొన్నిటిని పట్టి ఉంచేది ఒప్పందం కాగితం. అది చింపేస్తే గేమ్ ఎక్కడైనా నడుస్తుంది. మనం ప్రేమించేది మొదటి రకాన్ని. మన జేబుకు చిల్లు పెట్టేది ఎక్కువగా రెండో రకం.

కాగితం కథ ముందు చెప్పుకుందాం. పాఠం మొదట నేర్పింది అటారీ. టైటో కంపెనీ 1978లో తెచ్చిన ఆర్కేడ్ గేమ్ 'స్పేస్ ఇన్‌వేడర్స్' హక్కులు కొని 1980లో తన 2600 కన్సోల్‌కి తెచ్చుకుంది. అప్పటిదాకా నెమ్మదిగా సాగుతున్న కన్సోల్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. ఒక్క గేమ్ కోసం జనం పెట్టెనే కొంటారని అప్పుడే తేలిపోయింది. ఆ పాఠాన్ని చట్టంలా మార్చింది నింటెండో. 1985లో అమెరికాలో దించిన ఎన్ఈఎస్ కన్సోల్‌లో ఒక తాళం చిప్పు పెట్టింది. జోడీ చిప్పు లేని క్యాసెట్ పెడితే యంత్రం ఆడనివ్వదు. బయటి కంపెనీలు ఏడాదికి ఐదు గేములకు మించి తేకూడదు, నింటెండోకి ఇచ్చిన గేమ్‌ని రెండేళ్లు మరెవరికీ ఇవ్వకూడదు, క్యాసెట్లు నింటెండోనే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి. నాసిరకం గేములు గుట్టలుగా పడి 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది కాబట్టి నాణ్యత కోసమే ఈ కట్టడి అని నింటెండో వాదన. అందులో కొంత నిజం ఉంది. కానీ రెండేళ్ల షరతుకూ నాణ్యతకూ ఏ సంబంధమూ లేదు. అది పోటీదారు గొంతు నొక్కడానికి పెట్టిందే. ప్రభుత్వం కన్ను పడ్డాక 1990 ప్రాంతంలో ఆ షరతు వదిలేశారు.

ఇవన్నీ అమెరికా, జపాన్ సంగతులు. మన ఊళ్లలో ఆ తాళం చిప్పు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. తొంభైల్లో మన ఇళ్లలోకి వచ్చినవాటిలో ఎక్కువ భాగం నింటెండో యంత్రానికి నకళ్లు. 'లిటిల్ మాస్టర్', 'టెర్మినేటర్' లాంటి పేర్లతో దొరికేవి. ఒకే క్యాసెట్‌లో వందల గేములున్నాయని అట్ట మీద రాసి ఉండేది, లోపల అవే పది మళ్లీమళ్లీ వచ్చేవి. 'కాంట్రా', 'మారియో' ఏ కంపెనీవో, ఎవరి సొత్తో తెలియకుండానే ఒక తరం పెరిగింది. వేసవి సెలవుల్లో గంటకింతని తీసుకునే గేమ్ పార్లర్లలో కూర్చున్నవాళ్లకి ఎక్స్‌క్లూజివ్ అన్న మాటకి అర్థమే లేదు. పార్లర్‌లో ఏ పెట్టె ఉంటే అదే లోకం. అందుకే తెలుగు గేమర్లలో కన్సోల్ కంపెనీల మీద వీరాభిమానం ఆలస్యంగా, ప్లేస్టేషన్ 2 రోజుల్లో గానీ మొదలు కాలేదనిపిస్తుంది నాకు.

అసలు యుద్ధం మాత్రం అక్కడ తొంభైల్లోనే జరిగిపోయింది. మారియోకి పోటీగా సెగా 1991లో 'సోనిక్'ని దించింది. 1997లో స్క్వేర్ కంపెనీ 'ఫైనల్ ఫాంటసీ 7'ని సోనీ ప్లేస్టేషన్‌కి ఇచ్చేసింది. అంతకుముందు వచ్చిన ఆరు భాగాలూ నింటెండో యంత్రాల మీదే పుట్టాయి. ఏడోది మాత్రం మూడు సీడీలు నిండా ఉంది. నింటెండో 64 క్యాసెట్‌లో గరిష్ఠంగా పట్టేది 64 ఎంబీ. ఒక్కో సీడీలో దానికి పదింతలు పడుతుంది. ఆ రోజుతో జపాన్ తరహా రోల్ ప్లేయింగ్ గేములు ప్లేస్టేషన్ దారి పట్టాయి. ఇక్కడ కంపెనీని కదిలించింది చెక్కు ఒక్కటే కాదు, సీడీ కూడా. అందుకే నేను దీన్ని పూర్తిగా కాగితం లెక్కలో వేయను.

'హేలో' సంగతి వేరు. దాన్ని 1999లో మ్యాక్‌వరల్డ్ వేదిక మీద లోకానికి పరిచయం చేసింది స్టీవ్ జాబ్స్. మరుసటి ఏడాదే తయారీదారు బంజీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2001 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్‌తో పాటే 'హేలో' వచ్చింది. ఆపిల్ వేదిక మీద మొదట కనిపించిన గేమ్ మైక్రోసాఫ్ట్ జెండా అయి కూర్చుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కీబోర్డు, మౌస్ లేనిదే గన్ షూటింగ్ గేమ్ ఆడలేమనుకునే రోజుల్లో రెండు కర్రల కంట్రోలర్ మీద ఆ ఆట ఎంత హాయిగా కుదిరిందో ఆడినవాళ్లకు తెలుసు. దెబ్బ తగిలాక కాసేపు దాక్కుంటే కవచం మళ్లీ నిండడం, ఒకేసారి రెండే తుపాకులు మోయగలగడం తర్వాతి ఇరవై ఏళ్ల షూటింగ్ గేములన్నిటికీ వ్యాకరణం అయ్యాయి. కొనుక్కొచ్చుకున్న ఆటనైనా వాళ్లు ఆ యంత్రానికి కొలిచి కుట్టారు.

ఇక యంత్రమే ఆటను పట్టి ఉంచిన సంగతులు. ఈ వ్యాసంలో నేను ప్రాణం పెట్టి చెప్పాలనుకున్నవి ఇవే.

'డక్ హంట్' చాలామందికి గుర్తుండే ఉంటుంది. బాతులు ఎగురుతుంటే ప్లాస్టిక్ తుపాకీతో తెర మీద కాల్చేవాళ్లం. తుపాకీ నుంచి ఏదో కిరణం వెళ్లి టీవీని తాకుతుందనుకునేవాళ్లు. జరిగేది తిరగబడి ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టం లోపల ఉన్న కాంతి గ్రాహకానికి ఆ వెలుగు కనబడితే గురి తగిలినట్టు. అంటే కాల్చేది టీవీ, చూసేది తుపాకీ. ఓనిడా, బీపీఎల్ డబ్బా టీవీలు గీతలు గీసే వేగానికి సరిపోయేలా చేసిన లెక్క ఇది. ఇవాళ్టి ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతలో తుపాకీ చూడాల్సిన క్షణం దాటిపోతుంది. పాత తుపాకీ తెచ్చి గోడ టీవీ ముందు ఎన్ని గంటలు కాల్చినా ఒక్క బాతు పడదు.

జపాన్‌లో 1999 చివర్లో ప్లేస్టేషన్‌కి వచ్చిన 'విబ్ రిబ్బన్' నాకు అంతకన్నా ముద్దు. మసాయా మత్సూరా స్టూడియో తయారీ. నల్లటి తెర మీద తెల్లటి గీతలతో ఒక కుందేలు బొమ్మ, పేరు విబ్రి. సన్నటి దారంలాంటి దారి మీద నడుస్తుంటుంది, పాట తాళానికి తగ్గట్టు గుంటలు, మలుపులు, గోడలు వస్తుంటాయి. తప్పు మీద తప్పు చేస్తే కుందేలు కప్పవుతుంది, ఇంకా చేస్తే పురుగవుతుంది. గేమ్ మొత్తం యంత్రం జ్ఞాపకశక్తిలో పట్టేసేంత చిన్నది. కాబట్టి ఒకసారి లోడయ్యాక డిస్కు తీసేసి మన ఇంట్లో ఉన్న ఏ పాటల సీడీ అయినా పెట్టుకోవచ్చు. ఇళయరాజా సీడీ పెడితే ఇళయరాజా పాటకు తగిన దారి అక్కడికక్కడే అల్లుతుంది. గీతలు మాత్రమే ఎందుకంటే రంగుల బొమ్మలు వేస్తే జ్ఞాపకశక్తిలో చోటు చాలదు. మూత తెరిచి డిస్కు మార్చగలిగే పెట్టె అన్న ఒక్క చిన్న సంగతి పట్టుకుని ఆటంతా అల్లారు. మూత లేని, పాటల సీడీ చదవని పెట్టెలో ఆ ఆటకు అర్థమేముంది?

'మెటల్ గేర్' సృష్టికర్త హిడియో కొజిమా 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి 'బొక్తాయ్' అనే ఆట తెచ్చారు. దాని క్యాసెట్‌లోనే ఎండను కొలిచే గ్రాహకం ఉంటుంది. రక్తపిశాచుల్ని చంపే కుర్రాడి తుపాకీకి గుండ్లు సూర్యరశ్మే. మీరు నిజంగా ఆరుబయటికి వెళ్లి ఎండలో నిలబడితేనే అది నిండుతుంది. ఆ గేమ్ బాయ్ మొదటి నమూనా తెరకు సొంత దీపం లేదు, ఎండలోనే బాగా కనబడేది. లోపమని అందరూ తిట్టుకున్న తెర ఈ ఆటకు వరమైంది. మన రోహిణీ కార్తెలో ఆడితే గుండ్లకు లోటుండదు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నకలు నడిపి ఎండ బదులు ఒక గీతను పైకీ కిందికీ జరుపుకోవచ్చు గానీ, అప్పుడు పిల్లాడు వీధిలోకి రాడు. ఆట పోయి దాని బొమ్మ మిగులుతుంది.

'సూపర్ మారియో 64' ఇలాంటి వింత కాదు, కానీ వీటన్నిటికన్నా పెద్ద సంగతి. షిగెరు మియమోతో బృందం కోటలూ కొండలూ కట్టడానికి ముందు ఖాళీ గదిలాంటి చోట మారియోను ఊరికే పరిగెత్తించి, గెంతించి, కుందేలు వెంట పడనిచ్చి చాలా కాలం గడిపింది. నింటెండో 64 కంట్రోలర్ మధ్యలోని చిన్న కర్రను కాస్త వంచితే మారియో మునివేళ్ల మీద అడుగులేస్తాడు, సగం వంచితే నడుస్తాడు, పూర్తిగా తోస్తే పరిగెడతాడు. నిద్రపోతున్న మొక్క పక్కనుంచి దాన్ని లేపకుండా దాటాలంటే వేలిని అంత మెత్తగా కదపాలి. కంట్రోలర్‌నూ గేమ్‌నూ కలిపి చేసినందువల్ల అబ్బిన సుఖం అది. 2004లో ఇదే ఆట నింటెండో డీఎస్‌కి వచ్చింది, కొత్త పాత్రలతో, మరిన్ని నక్షత్రాలతో. కర్ర మాత్రం లేదు. అన్నీ పెంచి ఆ ఒక్కటి తీసేస్తే ఏం తగ్గిందో రెండూ ఆడినవాళ్ల బొటనవేలికి తెలుసు.

2006లో వీ కన్సోల్‌తో పాటు చాలా దేశాల్లో ఊరికే ఇచ్చిన 'వీ స్పోర్ట్స్' 8 కోట్లకు పైగా ఇళ్లకు చేరింది. రిమోట్ ఊపడం తెలిస్తే చాలు, నానమ్మ కూడా బౌలింగ్ ఆడేసింది. డీఎస్‌లో వచ్చిన జెల్డా 'ఫాంటమ్ అవర్‌గ్లాస్'లో పైతెర మీది ముద్రను కిందితెర పటం మీద వేయాలంటే ఏ బటనూ పనిచేయదు, యంత్రాన్ని పుస్తకంలా మూసి తెరవాలి.

పూర్తిగా యంత్రమూ కాక, పూర్తిగా కాగితమూ కాక మధ్యలో ఇంకో రకం ఉంది. కన్సోల్ అమ్ముకునేవాడు తన పెట్టెకు పరువు కోసం, బజారులో ఎవరూ డబ్బు పెట్టని ఆటకు డబ్బు పెట్టడం. 2001లో ప్లేస్టేషన్ 2కి వచ్చిన 'ఐకో' అలాంటిది. ఫుమితో ఉయెదా రూపకల్పన. తలకు కొమ్ములున్న కుర్రాడు, భాష తెలియని అమ్మాయి, ఒక పాడుబడ్డ కోట. ఒక బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ కుర్రాడు అమ్మాయి చెయ్యి పట్టుకునే ఉంటాడు, వదిలితే వదిలేస్తాడు. లాక్కుని పరిగెడితే ఆమె తూలినప్పుడల్లా కంట్రోలర్ చేతిలో అదురుతుంది. తెర మీద స్కోరు లేదు, ప్రాణాల లెక్క లేదు. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా అదే బృందానికి సోనీ మళ్లీ అవకాశం ఇచ్చింది.

దాంతో 2005లో 'షాడో ఆఫ్ ది కొలోసస్' వచ్చింది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక కుర్రాడు పదహారుమంది మహాకాయుల్ని చంపాలి. ఆ పదహారు తప్ప ఆ విశాలమైన నేల మీద వేరే శత్రువే లేడు. గుర్రం మీద ఒంటరిగా ఎంతో దూరం వెళ్లాలి, ఆ గుర్రం కూడా మోటార్ సైకిల్‌లా చెప్పినట్టు వినదు, తన బుద్ధి తనకుంది. కొండంత జీవి ఒంటి మీది వెంట్రుకలు పట్టుకుని ఎక్కుతుంటే అది విదిలిస్తుంది, పట్టు బలం చూస్తుండగానే తగ్గిపోతుంది. చివరికి పొడిచి పడగొట్టాక గెలుపు సంగీతం రాదు, ఏడుపు రాగం వస్తుంది. తప్పు చేశామా అని ఆటగాడిని అడిగిన మొదటి పెద్ద గేముల్లో ఇదొకటి. ప్లేస్టేషన్ 2 దాన్ని మోయలేక బొమ్మ తడబడేది. 2018లో బ్లూపాయింట్ స్టూడియో ప్లేస్టేషన్ 4 కోసం అంతా కొత్తగా గీసి నున్నగా నడిపించింది. అయినా అదీ సోనీ పెట్టె దాటలేదు.

'బయొనెట్టా 2' కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మొదటి భాగం ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 రెండిట్లోనూ వచ్చింది. రెండోదానికి డబ్బు పెట్టేవాళ్లు కరువైతే నింటెండో ముందుకొచ్చింది. 2014లో వీ యూకి మాత్రమే వచ్చేసరికి పాత అభిమానులు మండిపడ్డారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ అక్కడ ఎంచుకోవాల్సింది అందరి గేమా, ఒక్కరి గేమా అని కాదు. ఒక్కరి గేమా, అసలు గేమే లేకపోవడమా అని. దానికి పక్కనే 'రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్'ని పెట్టి చూడండి. ఎలాగూ తయారవుతున్న గేమ్‌ని 2015లో ఎక్స్‌బాక్స్‌కి ముందుగా ఇప్పించుకున్నారు, ప్లేస్టేషన్ వాళ్లు ఏడాది ఆగారు. ఆ డబ్బుతో ఆటకు ఒరిగిందేమీ లేదు. కొన్నది కేవలం పక్కవాడి ఎదురుచూపు. తేడా తెలియడానికి ఈ రెండూ చాలు.

మనలాంటి చోట ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు నమూనా ధర 49,990 రూపాయలు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా సరిగ్గా అంతే. స్విచ్‌ను నింటెండో ఇక్కడ అధికారికంగా అమ్మలేదు. 'జెల్డా: టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' 2023లో మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైనప్పుడు ఇక్కడ అది ఆడినవాళ్లు వారంటీ లేని దిగుమతి సరుకు కొన్నవాళ్లో, డల్లాస్ నుంచి వచ్చే అన్నయ్య సూట్‌కేసులో తెప్పించుకున్నవాళ్లో అయి ఉంటారు. రెండు పెట్టెలు కొనే స్తోమత ఎంతమందికుంది? ఒకటి కొన్నామంటే రెండోదానిలో ఉన్నవి మనకు లేనట్టే.

ఇప్పుడు గోడలు కూలుతున్నాయి. 'హొరైజన్ జీరో డాన్'ని 2020లో, 'గాడ్ ఆఫ్ వార్'ని 2022లో సోనీ కంప్యూటర్లకు ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇంకా దూరం వెళ్లింది. 2025లో 'ఫోర్జా హొరైజన్ 5', 'ఇండియానా జోన్స్', 'గేర్స్ ఆఫ్ వార్' వరసగా ప్లేస్టేషన్ 5 గడప తొక్కాయి. ఆ అక్టోబర్‌లో 'హేలో' మొదటి భాగాన్ని కొత్తగా తీర్చి 2026లో ప్లేస్టేషన్ 5కి కూడా తెస్తామని ప్రకటించారు. ఇందుకు కారణం దయ కాదు. పెద్ద గేమ్ తయారీ ఖర్చు ఒక్క పెట్టె కొన్నవాళ్ల నుంచి రాబట్టలేనంత పెరిగిపోయింది. కారణమేదైనా నాకు సంతోషమే. కాగితం కట్టిన గేముల్ని విప్పేయడంలో పోయేదేమీ లేదు. 2015లో వచ్చిన 'బ్లడ్‌బోర్న్' ఇప్పటికీ ప్లేస్టేషన్ దాటకపోవడం, అక్కడ కూడా సెకనుకు ముప్పై బొమ్మల పాత హద్దు అలాగే ఉండడం నన్ను బాధపెడుతుంది. ఆ ఆటలో ప్లేస్టేషన్ 4లో తప్ప కుదరనిదంటూ ఏదీ లేదు. దెబ్బ తిన్న వెంటనే ఎదురు కొడితే పోయిన ప్రాణం తిరిగి దక్కే ఆ పోరాటం ఏ యంత్రంలోనైనా అంతే మత్తుగా ఉంటుంది.

నా భయం మధ్య రకం గురించి. పెట్టె అమ్ముకోవాల్సిన అవసరమే లేనప్పుడు పెట్టె పరువు కోసం 'ఐకో'కి డబ్బు పెట్టేదెవరు? 'ఐకో'ను కన్న సోనీ జపాన్ స్టూడియోను 2021లో విడగొట్టి, మిగిలినదాన్ని టీమ్ అసోబీలో కలిపేశారు. అదే టీమ్ అసోబీ 2024లో తెచ్చిన 'ఆస్ట్రో బాట్' ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అయింది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ ప్రతి అదురునూ, ప్రతి బిగువునూ వాడుకుని అల్లిన ఆట అది. వాన పడితే చినుకులు వేళ్ల కింద టపటపమంటాయి. కాబట్టి ఆశ చావలేదు. నింటెండో అయితే తన దారి మార్చుకోనేలేదు, యంత్రం చేసేవాళ్లూ ఆట చేసేవాళ్లూ అక్కడ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఒకే యంత్రాన్ని నమ్ముకున్న ఆటకు ఇంకో గండం, యంత్రంతో పాటే పోవడం. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు దుకాణాల్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అదే ఏడాది మార్చిలో నింటెండో వీ యూ, 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణాలు మూసేసింది. కొజిమా 2014లో ప్లేస్టేషన్ 4కి ఉచితంగా ఇచ్చిన భయానక నమూనా 'పీటీ'ని మరుసటి ఏడాది దుకాణం నుంచి తీసేశారు, అప్పటికే దించుకున్న యంత్రాల్లో తప్ప అది మిగల్లేదు.

ఈ గండం మన ఇంటి గడపలోనూ ఉంది. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. ఆ కన్సోల్‌కి పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి గేమ్ అది. ఆటగా గొప్పదేమీ కాదు. దేవుణ్ణి బటన్‌తో ఆడించడమేమిటని అమెరికాలోని ఒక హిందూ ప్రతినిధి అభ్యంతరమూ చెప్పారు. కానీ ప్రపంచంలో 16 కోట్ల పెట్టెలు అమ్ముడైన ఒక యంత్రం కోసం మనవాళ్లు మొదటిసారి కూర్చుని రాసిన కోడ్ అది. తర్వాత ఏ కొత్త కన్సోల్‌కీ అది రాలేదు. మన దగ్గర సినిమా రీళ్లు పోగొట్టుకున్నాక ఏడ్చాం, ఇప్పుడు గేముల వంతు. ఆ డిస్కులు, వాటి పెట్టెలు, వీలైతే సోర్స్ కోడ్, తయారుచేసినవాళ్ల మాటలు సేకరించి భద్రపరిచే పని హైదరాబాద్‌లోని ఏ విశ్వవిద్యాలయమో ఇప్పుడే మొదలుపెట్టాలి. నడిచే ప్లేస్టేషన్ 2 ఇంకా పాత సామాన్ల కొట్లలో దొరుకుతోంది, ఆ జట్టులో పనిచేసినవాళ్లను వెతికి పట్టుకోవడమూ ఇప్పుడైతే పెద్ద కష్టం కాదు.